పెట్రోలు ఆవిరి మీద అరవై ఏళ్ళ తగాదా

కాలిఫోర్నియాలో గ్యాస్ స్టేషన్ల మీద బతికే తెలుగువాళ్ళం తక్కువేం కాదు. కొందరు క్యాష్ రిజిస్టర్ దగ్గర, కొందరు స్టోర్ సర్దే పనిలో, మాలాంటివాళ్ళం ఆఫీసు కాగితాల దగ్గర. మేము ముగ్గురం గుమాస్తాలం. చదివింది ఇంటర్మీడియట్. ఏడెనిమిది స్టేషన్ల పర్మిట్లు, పరీక్షల రిపోర్టులు, రిపేరు బిల్లులు మా బల్లల మీదుగానే వెళ్తాయి. వాటిలో సగానికి పైగా ఒక్క విషయం గురించే. అది ఆవిరి. కారులో పెట్రోలు పోసేటప్పుడు పైకి తన్నుకొచ్చే ఆవిరి గాలిలో కలవకూడదని ఇక్కడ చట్టం. పంపు నాజిల్‌కి హార్మోనియం తిత్తిలా మడతలు మడతలుగా నల్ల రబ్బరు తొడుగు ఉంటుంది చూశారా, అది అందుకే. కొత్తగా పనిలో చేరినవాళ్ళు "ఇదెందుకండీ అడ్డంగా?" అని అడుగుతూనే ఉంటారు. యజమానుల్ని అడిగితే "గవర్నమెంటు పీడ" అంటారు. ఆ పీడ ఎవరి కోసం పుట్టిందో, మధ్యలో ఎవరెవరి చేతులు మారిందో చదివి తెలుసుకున్నంత మేరకు ఇక్కడ రాస్తున్నాం.

ముందు అసలు సంగతి. ఖాళీ బిందెను నీళ్ళలో ముంచితే బుడబుడమని గాలి బయటికి వస్తుంది కదా. కారు ట్యాంకూ అంతే. ఖాళీ ట్యాంకు అంటాం గాని అది ఖాళీ కాదు, నిండా పెట్రోలు ఆవిరి ఉంటుంది. పది గ్యాలన్ల పెట్రోలు లోపలికి వెళ్తే పది గ్యాలన్ల చోటులో ఉన్న ఆవిరి బయటికి రావాల్సిందే. ఏ కట్టడీ లేకపోతే ప్రతి వెయ్యి గ్యాలన్లకు దాదాపు 11 పౌన్ల ఆవిరి ఇలా పోతుందని ఇక్కడి కేంద్ర పర్యావరణ సంస్థ ఇ.పి.ఎ. లెక్క. నెలకు లక్ష గ్యాలన్లు అమ్మే స్టేషన్ అయితే 1,100 పౌన్లు, అంటే సుమారు 500 కిలోలు. ఇది కార్లలో పోసేటప్పటి మాట మాత్రమే. ట్యాంకర్ వచ్చి భూమిలోపలి ట్యాంకు నింపేటప్పుడు ఇంచుమించు ఇంతే మళ్ళీ పోతుంది. డబ్బు పెట్టి కొన్న సరుకు కళ్ళముందే ఆవిరైపోతుంటే పట్టుకోమని చెప్పడానికి చట్టం కావాలా అనిపిస్తుంది. కావాల్సి వచ్చింది. దాని కథ లాస్ ఏంజిలెస్‌లో మొదలైంది.

1943 జూలై 26. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. లాస్ ఏంజిలెస్ నడిబొడ్డున పట్టపగలు గోధుమరంగు మబ్బు కమ్మేసింది. జనానికి కళ్ళు మండాయి, గొంతులు పట్టేశాయి, నాలుగు వీధుల అవతల ఏముందో కనపడలేదు. జపాన్‌వాళ్ళు విషవాయువు వదిలారని కొందరు భయపడ్డారు. తర్వాత నేరం ఊళ్ళోని ఒక కృత్రిమ రబ్బరు సరుకుల ఫ్యాక్టరీ మీద పడింది. దాన్ని కొన్నాళ్ళు మూయించారు కూడా. మబ్బు మాత్రం తగ్గలేదు. 1947లో కాలిఫోర్నియా గవర్నర్ ఎర్ల్ వారెన్ గాలి కాలుష్యం మీద రాష్ట్ర చట్టానికి సంతకం పెట్టారు. అదే ఏడు లాస్ ఏంజిలెస్ కౌంటీకి గాలిని చూసుకునే జిల్లా సంస్థ ఒకటి ఏర్పడింది. ఈ రోజు స్టేషన్ గోడకి వేలాడే గాలి పర్మిట్ వంశవృక్షం పట్టుకుని వెనక్కి వెళ్తే అక్కడికి చేరతాం.

సంస్థ అయితే పెట్టారు గాని ఆ మబ్బు దేనితో తయారవుతుందో ఎవరికీ తెలీదు. లండన్ మంచుపొగ బొగ్గు పొగ. ఇక్కడ బొగ్గు లేదు. తేల్చిన మనిషి డచ్చి దేశస్థుడు ఏరీ హాగెన్-స్మిట్. పసడీనాలోని కాల్‌టెక్‌లో పనిచేసే రసాయన పండితుడు. ఆయన అప్పటిదాకా చేస్తున్న పని వింటే నవ్వొస్తుంది: అనాసపండుకి ఆ వాసన ఏ పదార్థాల వల్ల వస్తుందో వెతుకుతున్నాడు. పండు వాసన పట్టే పరికరాలతోనే ఆయన వేల ఘనపుటడుగుల ఊరిగాలిని లాగి చల్లబరిచాడు. కొన్ని చుక్కల గోధుమరంగు కంపు ద్రవం మిగిలింది. 1950 దశకం మొదట్లో ఆయన తేల్చిందేమిటంటే, పెట్రోలు ఆవిరిలోని హైడ్రోకార్బన్లు, ఇంజన్లలోంచి వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లు, ఈ రెండూ ఎండలో కలిస్తే ఓజోన్ పుడుతుంది. టైర్ల రబ్బరు పగలగొట్టేది అదే. ఇంటర్‌లో ఆల్కేన్లు, ఆల్కీన్లు బట్టీపట్టిన మాకు అవి ఇలా ఊపిరితిత్తుల్లోకి వస్తాయని అప్పుడు ఎవరూ చెప్పలేదు.

చమురు కంపెనీలు ఒప్పుకోలేదు. వాళ్ళ డబ్బుతో పరిశోధన చేస్తున్న సంస్థవాళ్ళు కాల్‌టెక్‌కే వచ్చి ఆయన పని తప్పని ఉపన్యాసం ఇచ్చారు. ఆయనకి మండింది. అనాసపండు పక్కనపెట్టి పూర్తిగా ఈ గాలి పని మీదే కూర్చున్నాడు. అవమానించకుండా వదిలేసి ఉంటే తిరిగి పళ్ళ దగ్గరికే వెళ్ళిపోయేవాడేమో. 1968లో కొత్తగా వచ్చిన కాలిఫోర్నియా ఎయిర్ రిసోర్సెస్ బోర్డుకి మొదటి అధ్యక్షుడు ఆయనే.

కార్ల కంపెనీల తీరు వేరు. 1953లో లాస్ ఏంజిలెస్ కౌంటీ సూపర్‌వైజర్ కెన్నెత్ హాన్ డెట్రాయిట్‌కి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు. మీ కార్ల పొగ గురించి ఏం చేస్తున్నారని అడిగారు. ఆ ఆవిర్లు గాలిలో త్వరగా చెదిరిపోతాయి, వాటితో సమస్య లేదని ఫోర్డ్ కంపెనీ నుంచి జవాబు వచ్చింది. హాన్ మాత్రం ఏళ్ళ తరబడి రాస్తూనే ఉన్నారు.

1950ల్లో మొదట లొంగింది రిఫైనరీలు. పెద్ద పెద్ద నిల్వ ట్యాంకుల్లో ద్రవం మీదే తేలే పైకప్పులు పెట్టించారు. పెట్రోలు తగ్గితే కప్పు దిగుతుంది, పెరిగితే లేస్తుంది. మధ్యలో ఆవిరి చేరడానికి ఖాళీ ఉండదు. కంపెనీలకి సరుకు మిగిలింది కాబట్టి పెద్దగా గోల చెయ్యలేదు. కారు వంతు ఆ తర్వాత. నిలబడి ఉన్న కారు ట్యాంకులోంచి, కార్బ్యురేటర్‌లోంచి లేచే ఆవిరిని పట్టడానికి బొగ్గుపొడి నింపిన డబ్బా పెట్టాలని కాలిఫోర్నియాలో 1970 మోడల్ నుంచి, దేశమంతా 1971 మోడల్ నుంచి నియమం వచ్చింది. బొగ్గు ఆవిరిని పీల్చి దాచుకుంటుంది, బండి నడిచేటప్పుడు ఇంజన్ దాన్ని లాగి కాల్చేసుకుంటుంది. ఈ చిన్న డబ్బాని గుర్తుపెట్టుకోండి. తర్వాతి ముప్పై ఏళ్ళ గొడవంతా దాని సైజు మీదే.

మిగిలింది గ్యాస్ స్టేషన్. 1970 చివర్లో అధ్యక్షుడు నిక్సన్ సంతకంతో కేంద్ర గాలి చట్టం పదునెక్కింది. ఓజోన్ తగ్గించక తప్పని పరిస్థితిలో కాలిఫోర్నియాలో శాన్‌డియేగో, శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతాలు 1970ల తొలి సగంలోనే పంపుల దగ్గరికి వచ్చాయి. పని రెండు అంచెలుగా చేశారు. మొదటి అంచె ట్యాంకర్‌ది. ట్యాంకర్ నుంచి భూమిలోకి ఒక పైపులో పెట్రోలు దిగుతుంటే, ఇంకో పైపులో భూమిలోని ఆవిరి ట్యాంకర్‌లోకి ఎక్కుతుంది. ఆ ఆవిరిని ట్యాంకర్ తిరిగి డిపోకి తీసుకుపోతుంది. ఇది బాగా కుదిరింది. ఈరోజుకీ పెద్దగా మారలేదు.

రెండో అంచె కారుది. తంటా అంతా ఇక్కడే. కారు మూతికి తిత్తి గట్టిగా ఆనితేనే ఆవిరి వెనక్కి వచ్చి హోస్‌లోని రెండో దారి గుండా భూమిలోని ట్యాంకుకి చేరుతుంది. 1970ల నాటి ఆ నాజిళ్ళు బరువు. నొక్కిపట్టడానికి బలం కావాలి. ముసలివాళ్ళు, ఆడవాళ్ళు విసుక్కునేవాళ్ళు. ట్యాంకు నిండిందో లేదో చూడాలని తిత్తిని చేత్తో వెనక్కి లాగిపట్టుకుని పోసుకునేవాళ్ళు. అలా చేస్తే అది ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. హోస్ వంపులో పెట్రోలు నిలిచిపోతే ఆవిరి దారి మూసుకుపోయేది. అందుకని తర్వాత మోటారు పెట్టి ఆవిరిని లాగే రకం వచ్చింది. నాజిల్ తేలికైంది. జనం శాంతించారు.

ఇక్కడ అసలు తగాదా. పోసేటప్పుడు వచ్చే ఆవిరిని ఎవరు పట్టాలి? పంపా, కారా? కారులోని బొగ్గుడబ్బాని పెద్దది చేస్తే పోసేటప్పటి ఆవిరి కూడా అందులోకే వెళ్తుంది, స్టేషన్లకి ఏ బాధా ఉండదని చమురు కంపెనీలు వాదించాయి. అంత పెద్ద డబ్బా పెడితే గుద్దుకున్నప్పుడు మంటలంటుకుంటాయి, పంపుల దగ్గరే పట్టండని కార్ల కంపెనీలు అన్నాయి. అన్నదమ్ములు గట్టు తగాదాలో పొలం బీడు పెట్టినట్టు ఏళ్ళు గడిచాయి. 1977లో కాంగ్రెసు ఈ విషయం తేల్చమని ఇ.పి.ఎ.కి చెప్పింది. 1981లో ఇ.పి.ఎ. కార్లకి అక్కర్లేదంది. 1987లో కావాలని ప్రతిపాదించింది. 1990లో కాంగ్రెసు చట్టంలోనే రాసేసింది. 1992లో రహదారి భద్రతా శాఖ అభ్యంతరాలు చూపించి ఇ.పి.ఎ. మళ్ళీ వెనక్కి తగ్గింది. పర్యావరణ సంఘంవాళ్ళు కోర్టుకెక్కారు. చట్టంలో ఉన్నది నీకిష్టం లేకపోతే మానేసేది కాదని 1993లో వాషింగ్టన్ అప్పీళ్ళ కోర్టు తేల్చింది. 1994లో నియమం వచ్చింది. 1998 మోడల్ కార్లలో నూటికి 40, 1999లో 80, 2000లో మొత్తం. ట్రక్కులు, పెద్ద వ్యాన్లు 2006 దాకా పట్టాయి. తేల్చమన్న నాటి నుంచి కారులో డబ్బా వచ్చేదాకా ఇరవై ఏళ్ళు.

ఈ ఇరవై ఏళ్ళూ పంపు పక్కన నిలబడ్డ మనిషి సంగతేమిటని మాకు అనుమానం వచ్చింది. పెట్రోలులో బెంజీన్ ఉంటుంది. రక్త క్యాన్సర్ తెచ్చే పదార్థమని నిర్ధారణ అయినదే. 1987లో ఇక్కడి కేంద్ర కార్మిక భద్రతా సంస్థ బెంజీన్ మీద గట్టి నియమం పెట్టింది. ఎనిమిది గంటల పనిలో సగటున గాలిలో పది లక్షల భాగాలకి ఒక్క భాగం మించకూడదు. మించితే మాస్కులు, వైద్య పరీక్షలు. చదువుతూ సంతోషపడేలోపు మినహాయింపుల దగ్గరికి వచ్చాం. డిపో దాటి బయటికొచ్చిన పెట్రోలు రవాణా, పంపిణీ, అమ్మకం దీని కిందికి రావు. అంటే రిఫైనరీలో కార్మికుడికి ఆ కవచం ఉంది, గ్యాస్ స్టేషన్లో నిలబడేవాడికి లేదు. ఊరి ఓజోన్ కోసం పెట్టిన ఆవిరి తిత్తే పంపు దగ్గరివాడికి దక్కిన అండ. వాణ్ణి తలుచుకుని ఎవరూ పెట్టలేదు, అయినా వాడి ముక్కుకే అందరికన్నా ముందు మేలు జరిగింది. మేము చదివినదాంట్లో ఇంతకన్నా ముఖ్యమైన సంగతి మాకు కనపడలేదు. యజమాని "పీడ" అన్నప్పుడల్లా ఇది గుర్తొస్తుంది.

1990 చట్టం మాటకి వస్తే, ఓజోన్ ఎక్కువున్న ప్రాంతాలన్నిటిలో పంపులకి ఈ ఏర్పాటు తప్పనిసరి చేసింది. నెలకి 10,000 గ్యాలన్ల పైన అమ్మే స్టేషన్లకి వర్తిస్తుంది. సొంతంగా నడుపుకునే చిన్న వ్యాపారులకి ఆ హద్దు 50,000. కార్లలో డబ్బాలు తగినంత వ్యాపించాక పంపుల ఏర్పాటు తీసేయవచ్చని కూడా అందులోనే ఉంది.

రెండూ ఒకేసారి పనిచేసిన కాలంలో వింత జరిగింది. కొత్త కారు తన ఆవిరిని తానే డబ్బాలోకి తీసుకుంటుంది. పంపు మోటారుకి ఆ సంగతి తెలీదు, అలవాటుగా లాగుతుంది. ఆవిరి దొరక్క వట్టి గాలి లాగి భూమిలోని ట్యాంకులోకి పంపుతుంది. ఆ గాలిలోకి కొత్తగా పెట్రోలు ఆవిరవుతుంది, ఒత్తిడి పెరుగుతుంది, పైన గొట్టంలోంచి అంతా బయటికి పోతుంది. కాపాడడానికి పెట్టిన రెండు ఏర్పాట్లు ఒకదాన్నొకటి చెడగొట్టుకున్నాయన్నమాట. దీన్ని సరిచేయడానికే కాలిఫోర్నియా బోర్డు 2000లో కొత్త నియమాలు తెచ్చింది. కొత్త నాజిల్ ఎదురుగా ఉన్నది ఎలాంటి కారో పసిగట్టాలి. చుక్కలు కారకూడదు. ఏడాదికి 6,00,000 గ్యాలన్లు దాటి అమ్మే స్టేషన్లలో ఎలక్ట్రానిక్ కాపలా పెట్టాలి, తేడా వస్తే అలారం మోగాలి.

దానికి ఆఖరి గడువు 2009 ఏప్రిల్ 1. ఆ సమయం ఎలాంటిదో ఇక్కడ ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. బ్యాంకులు కుప్పకూలాయి, అప్పు పుట్టలేదు. ఒక్కో స్టేషన్‌కి వేలకు వేలు ఖర్చు. గడువు రోజుకి చాలా స్టేషన్లు తయారుగా లేవు. కొన్ని చిన్న స్టేషన్లు మూతపడ్డాయి. వాటితోపాటు ఉద్యోగాలూ పోయాయి. నియమం మంచిదే, వచ్చిన వేళ మాత్రం చెడ్డది. మా ముగ్గురికీ దీని మీద ఒకటే అభిప్రాయం లేదు. ముందే తెలిసిన గడువుకి చివరి నెలలో పరుగెత్తడం ఎవరి తప్పని మాలో ఒకరంటారు. పెద్ద కంపెనీకి, బ్యాంకు అప్పు మీద ఒకే స్టేషన్ నడిపేవాడికి ఒకే తేదీ పెట్టడం న్యాయమేనా అని ఇంకొకరంటారు.

పరీక్షల గురించి కూడా రెండు మాటలు. ఏడాదికి ఒకసారైనా పంపులు ఆపి పరీక్షించాలి. అన్నిటికన్నా ముఖ్యమైంది కారుడు పరీక్ష. భూమిలోని ట్యాంకులో రెండంగుళాల నీటి ఎత్తుకి సరిపడే ఒత్తిడి నింపి ఐదు నిమిషాలు వదిలేస్తారు. ఎంత మిగిలిందో చూస్తారు. రెండంగుళాల నీరంటే గ్లాసు అడుగున నీళ్ళంత. చిన్న మూత వదులైనా పట్టేస్తుంది. పరీక్ష తప్పితే జరిమానా, పంపుకి తాళం. మాకు తెలిసిన ఒక చోట ఆ జరిమానాని యజమాని క్యాష్ దగ్గర పనిచేసే కుర్రాడి జీతంలోంచి కోశాడు, అలారం మోగినా చెప్పలేదని. ఆ కుర్రాడికి ఆ అలారం ఏమిటో ఎవరూ నేర్పలేదు. తన తప్పు కాని నష్టాన్ని జీతంలోంచి కోయడం కాలిఫోర్నియా కార్మిక చట్టం ఒప్పుకోదు. ఆ మాట కుర్రాడికి మేమే చెప్పాం. డబ్బు తిరిగి వచ్చింది, కొన్నాళ్ళకి ఉద్యోగం పోయింది.

2012 మేలో ఇ.పి.ఎ. కార్లలో డబ్బాలు తగినంత వ్యాపించాయని ప్రకటించింది. రోడ్డు మీద తిరిగే పెట్రోలు బళ్ళలో నూటికి 70కి పైగా వాటికి డబ్బా ఉందన్నమాట. పంపుల ఏర్పాటు తీసేస్తే ఒక్కో స్టేషన్‌కి ఏడాదికి 3,000 డాలర్ల దాకా మిగులుతుందని అంచనా వేసింది. చాలా రాష్ట్రాలు ఒక్కొక్కటిగా తీసేశాయి. కాలిఫోర్నియా ఆ దారిన పోలేదు. అందుకే న్యూజెర్సీ నుంచి ఇక్కడికి మారినవాళ్ళకి మన నాజిళ్ళు వింతగా కనిపిస్తాయి.

న్యూజెర్సీ అన్నాం కాబట్టి చెప్పాలి. 1949 నాటి చట్టం వల్ల అక్కడ ఎవరి కారుకి వాళ్ళు పోసుకోకూడదు, పనివాడే పోయాలి. రోజంతా పంపుల మధ్య తిరిగే ఆ పనివాళ్ళలో మన దేశంవాళ్ళు చాలామంది. కొత్త కారు వస్తే దాని డబ్బా వాళ్ళని కాపాడుతుంది. పాత కారు వస్తే, మోటార్ సైకిల్ వస్తే, గడ్డికోత మిషన్‌కి డబ్బాలో పోయమంటే కాపాడేది ఏమీ లేదు. నూటికి 70 అన్నది ఊరి గాలికి మంచి లెక్కే. మిగిలిన 30 మీదికి వంగి పోసేవాడికి అది వేరే లెక్క.

మన వైపు ఈ కథ ఇంకా మొదట్లోనే ఉంది. 2020 జనవరిలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్రోలు బంకులకి మార్గదర్శకాలు ఇచ్చింది. జనాభా ఎక్కువున్న ఊళ్ళలో నెలకి 300 కిలోలీటర్ల పెట్రోలు అమ్మే కొత్త బంకులు ఆవిరిని తిరిగి పట్టే ఏర్పాటు పెట్టుకోవాలి. అంతకు ముందు నుంచీ హరిత ట్రైబ్యునల్ దగ్గర దీని మీద కేసులు నడుస్తూనే ఉన్నాయి. హైదరాబాద్, విశాఖపట్నం ఈ లెక్కలోకి వస్తాయి. మా ఊళ్ళలాంటి మండల కేంద్రాల బంకులు రావు. అక్కడా పోసేది బంకు కుర్రాడే. వచ్చేవి ఎక్కువగా రెండు చక్రాల బళ్ళు. నింపేటప్పటి ఆవిరిని పట్టే డబ్బా వాటికి ఉండదు. సీటు మీద కూర్చున్న మనిషి మోకాళ్ళ మధ్య మూత తెరుచుకుని ఉంటుంది, ఎంత పోశాడో చూడాలని ఇద్దరూ దాని మీదికే వంగుతారు.